చావని డాక్టర్‌ను కాచిన మనిషి

ఆయన ఎక్కడైనా కూర్చునే ముందు ఒకసారి వెనక్కి తిరిగి చూసేవాడు. హోటల్లో బల్ల ముందైనా అంతే, కారులో స్టీరింగ్ ముందైనా అంతే. క్రిస్మస్‌కు పిలిస్తే ఒకసారి వాళ్ల చర్చికి పోయాను, అక్కడ బెంచీ మీద కూర్చునేటప్పుడు కూడా చూశాడు. ఎవరి కోసమన్నా అని అడిగితే "ఎవ్వలు లేరే, ఊకెనే" అనేవాడు. ఊరికే కాదని తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. తెలిశాక నలుగురిలో చెప్పడానికి అంతకన్నా ఎక్కువ పట్టింది.

శంషాబాద్‌లో మా కాలపు డ్రైవర్లను ఎవరినైనా ఆయన గురించి అడగండి, రెండు మాటలు చెబుతారు. ఒకటి, కంప్యూటర్ ఆటలో ఎప్పుడూ ఆఖరున ఉండేవాడు. రెండు, ఒకే ఒక్కరోజు ఆశపడి ముందుకు పోయాడు, ఆ రోజు డాక్టర్‌ను చావనిచ్చి జట్టును ఓడించాడు. ఆ డాక్టర్‌ని నేనే. మొదటి మాట నిజమే గాని సగం నిజం. రెండో మాట నా మౌనం వల్ల నిలబడ్డ అబద్ధం. ఆ సంగతి తెలిసినవాళ్లం ఇద్దరం. ఇద్దరిలో ఆయన పోయాడు. అందుకని రాస్తున్నాను.

విమానాశ్రయం తెరిచిన కొత్తలో మా పాల్మాకుల నుంచి నాలాంటివాళ్లు చాలామంది కార్లు కొనుక్కొని డ్రైవర్లమయ్యాం. ఆ పనిలో బండి నడిపేది తక్కువ, ఆగి ఉండేది ఎక్కువ. మధ్యాహ్నం పూట విమానాలు పలచబడితే వరుసలో మన వంతు రావడానికి గంటలు పట్టేది. కొందరు సీటు వాల్చి పడుకునేవాళ్లు, కొందరు చెట్టు కింద పేకాడేవాళ్లు. మేం అయిదుగురం మాత్రం శంషాబాద్‌లో ఒక పంక్చర్ దుకాణం మీద ఉన్న నెట్ సెంటర్‌కు పోయేవాళ్లం. వంతు దగ్గరపడితే స్టాండ్ నుంచి ఎవరో ఒకరు ఫోన్ చేసేవారు. కింద గాలి మిషన్ ఆన్ చేస్తే మీద నేల వణికేది. మౌస్‌ల కింద అట్టలకు బదులు ప్లాట్ల వెంచర్ల రంగుల కాగితాలు పరిచి ఉండేవి. అప్పట్లో మా దగ్గర వాటికి కరువు లేదు. క్లబ్ హౌస్ బొమ్మ ఉన్న కాగితం ఎవరి ముందుంటే వాడిని "ఏం సేటూ, స్విమ్మింగ్ పూల్ పక్కనే కూసున్నవ్" అని ఆటపట్టించేవాళ్లం.

అక్కడ ఆడేది తుపాకుల ఆట. ఇటు అయిదుగురు, అటు అయిదుగురు. నలుగురికి పెద్ద తుపాకులుంటాయి. ఒక్కడికి మాత్రం చిన్న పిస్తోలు, మందుల సంచి ఇస్తారు. దెబ్బ తగిలినవాడి పక్కన వాడు కాసేపు నిలబడితే దెబ్బ మానుతుంది. పడిపోయినవాడి దగ్గరికి వెంటనే చేరితే పడినవాడు లేస్తాడు. వాడిని మేం డాక్టర్ అనేవాళ్లం. డాక్టర్ బతికున్నంతసేపు జట్టు చావదు. అందుకే అవతలివాళ్లు ముందు డాక్టర్‌నే వెతుక్కుంటూ వస్తారు.

ఇంత చిన్న విషయం మా బుర్రలకు ఎక్కలేదు. మాది స్టాండ్ బుద్ధి. ముందున్న బండికి ముందు బేరం, వెనకున్నవాడి సంగతి వాడు చూసుకుంటాడు. ఆట మొదలుకాగానే నలుగురూ తలో దిక్కు పరుగెత్తేవాళ్లు. సంచి మోయడం ఎవరికీ ఇష్టముండేది కాదు, అందుకని మెట్లు ఆలస్యంగా ఎక్కినవాడికి అంటగట్టేవాళ్లు. నేను ఇంటికి పోయి తిని వచ్చేవాణ్ణి కనుక అది నాకే పడేది.

"అరె డాక్టర్, ఇటు రారా!"

"ముందు నా దిక్కు రా, సస్తున్న ఈడ!"

నాలుగు వైపుల నుంచీ అరుపులు. ఎటూ చేరకముందే నేను చచ్చేవాణ్ణి. చచ్చినందుకు మళ్లీ తిట్లు. "ఏం డాక్టర్‌విరా నువ్వు? పేషెంటు కన్నా ముందు నువ్వే పోతవ్" అనేవాడు యాదగిరి. యాదగిరిది మా అందరిలోకీ పెద్ద గొంతు, మంచి గురి. జట్టుకు వాడే పెద్ద.

ఒకరోజు మాలో ఒకడు ఆట మానేశాడు, అయిదో మనిషి తక్కువయ్యాడు. కింద టైరుకు గాలి కొట్టించుకుంటున్న ఈయన్ని పైకి లాక్కొచ్చాం. మాకన్నా పదేళ్లు పెద్ద. అంతకుముందు నుంచీ పెళ్లి బృందాలకు బండ్లు నడిపేవాడు. అందరం అన్నా అనేవాళ్లం. యాదగిరి ఆయన్ని తెర ముందు కూర్చోబెట్టి, మౌస్ ఎట్లా పట్టుకోవాలో చూపించాడు. ఆయన కాసేపు అటూ ఇటూ కదిపి చూశాడు.

"అంత మంచిగనే ఉన్నది గని, ఇండ్ల అద్దం ఏడున్నదిరా?"

"ఏం అద్దమన్నా?"

"ఎనక అద్దం. ఎనకొచ్చేటోళ్లు ఎట్ల కనవడ్తరు?"

"ఎనకెవలు జూస్తరన్నా? గిది తుపాకుల ఆట. ముంగట జూడు, కాల్చు, అంతే."

"ఎనక జూడకుంట ఎట్ల నడుపుతర్రా?" అన్నాడు ఆయన, నిజంగానే ఆశ్చర్యపోతూ.

మేం పొట్టలు పట్టుకొని నవ్వాం. ఆయన నవ్వలేదు. అద్దం లేదు కనుక మనిషినే తిప్పడం మొదలుపెట్టాడు. రెండడుగులు ముందుకు వేసి గిర్రున వెనక్కి తిరిగేవాడు, మళ్లీ ముందుకు. నా తెర మీద ఒక సిపాయి, ఇంత పెద్ద తుపాకీ పట్టుకొని, యుద్ధం అటు జరుగుతుంటే మొహం నా వైపు పెట్టి వెనక్కి వెనక్కి నడిచేవాడు. గోడలకు గుద్దుకునేవాడు. మెట్ల మీద నుంచి పడేవాడు. పడ్డా లేచి ముందు నా వైపే చూసేవాడు.

"ఉన్నవా?" అనేవాడు పక్క కుర్చీలోంచి.

"ఉన్ననన్నా."

కొన్ని క్షణాలకు మళ్లీ "ఉన్నవా?"

ఆట మొత్తంలో మా ఇద్దరి సంభాషణ ఇంతే.

అది అలవాటయ్యాక నాకు వింత జరిగింది. నేను చావడం మానేశాను. తలుపు దాటేటప్పుడు ఆయన ముందు దాటి, గది మూలలు చూసి, తలుపుకు అడ్డంగా నిలబడేవాడు. నేను యాదగిరిని లేపుతున్నంతసేపు ఆయన మాకు వీపు పెట్టి, వచ్చే దారివైపు తుపాకీ చాచి ఉండేవాడు. ఎవరైనా వస్తే తూటాలు ఆయనకే తగిలేవి. ఆయన పడితే నేను లేపేవాణ్ణి. లేచి, దుమ్ము దులుపుకున్నట్టు భుజాలు కదిపేవాడు. తెర మీద సిపాయి కాదు, కుర్చీలో మనిషి.

కొన్ని నెలల్లో నా పేరు మారిపోయింది. చావని డాక్టర్ అన్నారు. స్టాండ్‌లో ఆ పేరు ఎంతగా పాకిందంటే, ఆట సంగతి తెలియని ఒక కొత్త డ్రైవర్ జ్వరమొస్తే నా దగ్గరికి వచ్చి, "డాక్టర్ సాబ్, ఏ గోలీ ఏసుకోవాలె?" అని అడిగాడు. నేను చెప్పాను కూడా. గర్వం అంత దూరం పోయింది.

ఆట అయిపోగానే తెర మీద పట్టిక వస్తుంది. చంపినవాడికి పాయింట్లు, లేపినవాడికి పాయింట్లు. లేపేవాడి వెనక నిలబడ్డవాడికి ఏమీ లేవు. కాబట్టి యాదగిరి మొదటివాడు, నేను రెండోవాణ్ణి, ఆయన ఎప్పుడూ ఆఖరు. మా దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. పట్టికలో ఆఖరున ఉన్నవాడు కిందికి దిగి కెటిల్‌లో చాయ్ తేవాలి, అందరికీ పోయాలి, గ్లాసులు కడగాలి. అన్నేళ్లూ మాకు చాయ్ తెచ్చింది ఆయనే. "అన్నా, నువ్వు ఆటకు వస్తున్నవా, చాయ్‌కి వస్తున్నవా?" అని యాదగిరి అంటే, "ఏదో ఒకటి మంచిగుండాలె గదరా" అని మెట్లు దిగేవాడు.

ఆయన బండి నడపడం కూడా అట్లాగే ఉండేది. పెళ్లి బండ్ల వరుసలో కొత్త డ్రైవర్లు ముందు బండి కోసం కొట్లాడతారు, పూలు కట్టేది దానికే కనుక. ట్రావెల్స్ ఓనరు మాత్రం నమ్మకమైనవాణ్ణి ఆఖరి బండికి పెడతాడు. చాయ్‌కి ఆగి తప్పిపోయినవాళ్లు, పిల్లలకు వాంతులవుతున్న బండి, ఇంజన్ వేడెక్కిన బండి, అన్నీ ఆఖరివాడికే తగులుతాయి. ఈయన ఎప్పుడూ ఆఖరి బండే. "ముంగటోనికి తొవ్వ తెలిస్తె సాలు. ఎనకటోనికి మనుషులు తెల్వాలె" అనేవాడు.

ఒకసారి నేనూ ఆయనా అట్లాంటి బృందంతో మహబూబ్‌నగర్ వైపు పోతున్నాం. షాద్‌నగర్ దాటాక నా బండి టైరు పోయింది. ముందు బండ్లవాళ్లు చూసుకోకుండా వెళ్లిపోయారు. ఈయన ఆగాడు. నేను జాకీ ఎక్కించి చక్రం దగ్గర కూర్చున్నాను. వచ్చి ఒక చెయ్యి వేస్తాడనుకున్నాను. రాలేదు. మెడలోని తువ్వాల తీసి, నా బండికి చాలా వెనక, నాకు వీపు పెట్టి రోడ్డు మీద నిలబడ్డాడు. మిట్ట మధ్యాహ్నం. నట్లు బిగుసుకుపోయి కదలడం లేదు. నాకు ఒళ్లు మండింది.

"అన్నా, గాడ నిలవడి ఏం జూస్తున్నవే? జర ఇటొచ్చి పట్టరాదు!"

ఆయన తిరగలేదు. "నీ పని నువ్వు జెయ్యి" అన్నాడు. తువ్వాల ఊపుతూనే ఉన్నాడు.

అంతలోనే ఒక ఇసుక లారీ మేమున్న అంచునే పట్టుకొని వచ్చింది. తువ్వాల చూసి చివరి క్షణంలో పక్కకు తప్పుకుంది. ఆ గాలికి నా చొక్కా వీపుకు అతుక్కుపోయింది. చేతిలో స్పానర్ అట్లాగే ఉండిపోయింది. ఆయన అప్పుడు తిరిగి చూశాడు.

"అయిందా?"

"ఇంకా లేదన్నా."

"కానియ్యి." మళ్లీ వీపు పెట్టాడు.

ఆ పెళ్లి విందులో నేను అందరికీ చెప్పుకున్నాను, అంత ఎండలో ఒక్కణ్ణే చక్రం మార్చానని. ఆయన నా పక్కనే కూర్చొని డబుల్ కా మీఠా తింటున్నాడు. ఒక్క మాట అనలేదు. అది మంచితనమని అప్పుడు అనుకోలేదు. మాటకారి కాదనుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి.

కాటేదాన్ కార్ఖానాల్లో పనిచేసే పిల్లలు సెలవురోజు మా నెట్ సెంటర్‌కు వచ్చేవాళ్లు. మంచి ఆటగాళ్లు. వాళ్లకూ మాకూ పోటీ. వాళ్లలో లేత్ మిషన్ మీద పనిచేసే ఒక సన్నటి పిల్లవాడికి నోరెక్కువ. ఒక ఆదివారం ఓడిపోయిన కోపంలో నా కుర్చీ వెనకకు వచ్చి నిలబడ్డాడు.

"ఏం డాక్టర్ సాబ్, ఆయన లేకుంటె మూత్రానికి గూడ పోవా? పిల్లగాన్ని బడికి తోల్కపోయినట్టు తోల్కపోతుండు!"

వాళ్లంతా నవ్వారు. మావాళ్లూ నవ్వారు. యాదగిరి అయితే బల్ల చరిచాడు. చావని డాక్టర్ అనే పేరు ఒక్క క్షణంలో వేళాకోళమైపోయింది. ఆ మాట నాకు నిద్రపట్టనివ్వలేదు. కోపం రావలసింది ఆ పిల్లవాడి మీద. వచ్చింది మాత్రం ఈయన మీద.

ఆ రోజుల్లో బంద్‌లు ఎక్కువ. రాబోయే బంద్‌నాడు బండ్లు తిరగవు, కార్ఖానాలు నడవవు కనుక పూర్తి పోటీ పెట్టుకుందామని రెండు జట్లూ అనుకున్నాయి. గెలిచిన జట్టు పేరు సెంటర్ గోడ మీద పెయింట్‌తో రాయాలి. ముందురోజు సాయంత్రం మెట్ల మీద ఆయన్ని ఆపాను.

"అన్నా, రేపు నా ఎంబడి రాకు."

"ఎందుకురా?"

"నేను చిన్న పిల్లగాన్నా? నన్ను నేను జూసుకుంట. నువ్వు ముంగటికి పో. మా లెక్కనే ఆడు."

"మల్ల సస్తె?"

"సస్తె సస్త. నా ఇష్టం."

ఆయన కెటిల్ ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. "నేను నిన్ను ఇడిశి పోతె యాదగిరి ఊకుంటడా?"

"నేనే పొమ్మన్నా అని జెప్త. నాది జిమ్మా."

"సరే" అన్నాడు. అంతే.

బంద్ రోజు పంక్చర్ దుకాణం షట్టర్ దించి ఉంది. మెట్ల తలుపు దగ్గరగా వేసుకొని ఆడాం. ఆయన్ని వరుసలో అవతలి చివర కూర్చోమన్నాను. పక్కన ఆయన ఉంటే ఆ లేత్ పిల్లవాడు మళ్లీ ఏదైనా అంటాడని.

ఎక్కువ చెప్పడానికి లేదు. మొదటి తలుపు దాటగానే మూలలోంచి ఒకడు నన్ను కాల్చాడు. ఆ మూలను ఇంతకాలం ఎవరు చూసేవాడో అప్పుడు తెలిసింది. తరువాతి ఆటలో ఇంకా ముందే పోయాను. ఒకసారి మిగతా ముగ్గురూ పడిపోతే లేపడానికి పరుగెత్తి, వాళ్ల మధ్యనే పడ్డాను. ఆయన మాత్రం ముందుకు పోయాడు. పొమ్మన్నాను కనుక పోయాడు. కాటేదాన్ పిల్లలు ఒకరి తరువాత ఒకరు ఆయన చేతిలో కూలిపోయారు. అందరూ పడ్డాక ఒక్కడే మిగిలి ముగ్గురిని పడగొట్టి, నాలుగోవాడి చేతిలో పడ్డాడు. మేం ఓడిపోయాం. పట్టిక వచ్చింది. అన్నిటికన్నా పైన ఆయన పేరు. రెండు జట్లలోనూ ఆయనే మొదటివాడు. అన్నిటికన్నా కింద నాది.

యాదగిరి కుర్చీని వెనక్కి తన్ని లేచాడు.

"డాక్టర్ను ఇడిశిపెట్టి వేటకు పోయినవా అన్నా? ఇన్ని దినాలు చాయ్ తెచ్చుడు బాధయిందా? లిస్టుల పైకెక్కనీకి మావోన్ని సంపుతవా?"

ఆయన వరుస అవతలి చివర నుంచి నా వైపు చూశాడు. చెప్పమన్నట్టు కూడా కాదు, ఉన్నానా అని చూసినట్టు చూశాడు. నేను మౌస్ కింది కాగితం మీద ప్లాట్ నంబర్లు చదువుతున్నాను. చదువుతూనే ఉన్నాను. నిజం చెప్పాలంటే, అందరూ నా పక్షాన అరుస్తుంటే బాగుంది. అన్యాయమైపోయినవాడిగా ఉండటంలో ఒక సుఖం ఉంది. ఆ సుఖం ఇంకాసేపు ఉంటే బాగుండుననిపించింది.

ఆయన ఇంకాసేపు చూసి, యాదగిరి వైపు తిరిగాడు.

"ఔరా, జర ఆశ పుట్టింది" అన్నాడు.

చాయ్ వంతు నాది. లేచేసరికి కెటిల్ ఆయన చేతిలో ఉంది. "ఇయ్యాల నీ వంతు గాదు, ఫస్టొచ్చినవ్ గద" అని యాదగిరి దెప్పాడు. ఆయన విననట్టే మెట్లు దిగాడు. బంద్‌నాడు హోటళ్లు లేవు. ఎవరి ఇంట్లో పెట్టించాడో, చాలాసేపటికి వేడి వేడి చాయ్‌తో వచ్చాడు. ముందు నాకే పోశాడు. నేను తాగాను.

ఆ రోజు నుంచి ఆ కథ నిలిచిపోయింది. "అన్నతోని జాగ్రత్తరో, డాక్టర్ను ఇడిశిపెట్టిపోయినోడు!" స్టాండ్‌లో, హోటల్లో, పెట్రోల్ బంకులో. ప్రేమగానే అనేవాళ్లు. ఆయన తల ఊపేవాడు. మరుసటి వారం నా పక్క కుర్చీలోకే వచ్చి, ఒకసారి వెనక్కి చూసుకొని కూర్చున్నాడు. "ఉన్నవా?" అన్నాడు. ఏమీ జరగనట్టు మళ్లీ తలుపుల్లో అడ్డంగా నిలబడ్డాడు, మళ్లీ ఆఖరున వచ్చాడు. ఒకసారి మెట్ల మీద ఆపి, "అన్నా, ఆ రోజు నేను చెప్పాల్సింది" అన్నాను. "పోనియ్యవయ్యా. ఆటనే గద" అన్నాడు. ఆ మాటను నన్ను క్షమించడంగా కాక, నిజం చెప్పే పని నుంచి సెలవు చీటీగా తీసుకున్నాను. ఇక చెప్పనక్కర్లేదనుకున్నాను.

తరువాత అందరి చేతుల్లోకీ పెద్ద ఫోన్లు వచ్చాయి. నెట్ సెంటర్ మూతపడి అక్కడ సెల్‌ఫోన్ దుకాణం పెట్టారు. మేం తలో దిక్కయ్యాం. ఎప్పుడైనా రోడ్డు మీద కలిస్తే ఆయన కారు దిగకుండా చెయ్యి ఊపేవాడు. ఒక్కటి చెప్పాలి. ఆ ఇసుక లారీ తరువాత నేను రోడ్డు పక్కన ఎన్ని చక్రాలు మార్చానో, ప్రతిసారీ ఎవరినో ఒకరిని తువ్వాల ఇచ్చి వెనక నిలబెట్టాను. ఇప్పుడు నా దగ్గర పనిచేసే డ్రైవర్లకు నేర్పించిన మొదటి పాఠం అదే. నా సొంత తెలివి అనుకుంటారు వాళ్లు.

పోయిన నెల యాదగిరి ఫోన్ చేశాడు. "అన్న పోయిండురా. గుండె." అంత్యక్రియలకు ఊళ్లో లేక పోలేకపోయాను. తరువాత చర్చివాళ్లు ఆయన్ని తలుచుకుంటూ పెట్టిన ఆదరణ కూడికకు పోయాను. ఇంటి ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, ఫొటోకు పూలదండ. పాస్టర్ గారు ప్రార్థన చేసి, ఆయన్ని ఎరిగినవాళ్లు రెండు మాటలు చెప్పమన్నారు. యాదగిరి మైకు అందుకున్నాడు. ఏడుస్తూనే మొదలుపెట్టాడు. ఏడుపు ఆపుకోవడానికే కావచ్చు, ఆ పాత కథ ఎత్తుకున్నాడు.

"అన్న ఎవ్వల్ని ఇడిశిపెట్టలే. ఒక్క డాక్టర్నే ఇడిశిపెట్టిండు! ఆ దినం మా గోడ మీద పేరు లేకుంట జేసిండు. అగో, డాక్టర్ ఆడనే కూసున్నడు, అడుగుండ్రి!"

జనం కన్నీళ్లలోనే నవ్వారు. ముందు వరుసలో ఆయన కూతురు కూడా నవ్వింది. ఇంటర్ చదివే వయసులో చూశాను, ఇప్పుడు ఎయిర్‌పోర్ట్‌లో ఉద్యోగం చేస్తోంది. మైకు చేతులు మారుతూ నా దగ్గరకు వచ్చింది.

ఫొటో మీద దండ ఉంది. ఇప్పుడు "పోనియ్యవయ్యా" అనేవాడు లేడు. లేచి నిలబడి చెప్పాను. మెట్ల మీద నేనేం అన్నానో, ఆయనేం అడిగాడో, నేనేం మాట ఇచ్చానో, ఆ మాట ఎట్లా మింగానో. చక్రం సంగతి కూడా చెప్పాను. చావని డాక్టర్ అని ఒకడు ఎప్పుడూ లేడని, ఆ పేరు మొత్తం ఆయనదేనని చెప్పాను.

యాదగిరి నా వైపు తిరిగాడు.

"ఇన్నేండ్లు నాతోని ఆ మాట అనిపిస్తివి గదరా" అన్నాడు. తన పక్క కుర్చీ మీద ఉన్న చేతిరుమాలు తీసి, నన్ను కూర్చోనిచ్చాడు.

భోజనాలప్పుడు ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి కూర్చుంది. బరువు దిగిందనుకుంటున్నాను. ఆమె కృతజ్ఞతగా ఏదో అంటుందని కూడా ఆశపడ్డాను కావచ్చు.

"ఆ ముచ్చట డాడీ ఇంట్ల చానసార్లు చెప్పిండు కాకా" అన్నది.

"ఏమని?"

"ఒక్కరోజు ఎవ్వల్ని పట్టించుకోకుంట నా ఆట నేనాడిన బిడ్డా, లిస్టుల ఫస్టొచ్చిన అని. నీ పేరు చెప్పలే. పొమ్మన్నరని చెప్పలే." వేలితో విస్తరి అంచు మడుస్తోంది. "మా ఇంట్ల ఆయన ముచ్చట్లన్నీ ఒక్క తీరే కాకా. ఎవల్నో దవాఖానకు తోల్కపోయిండు, ఎవల కోసమో ఆగిండు. గా ఒక్క ముచ్చట నాకు మస్తిష్టం. గా ఒక్కనాడన్న ఆయన కోసం ఆయన ఆడిండని." తలెత్తి నన్ను చూసింది. "ఇగ అది గూడ నువ్వు చెప్పినవనే పోయిండా?"

నిజం చెబితే ఇచ్చేది తప్ప తీసుకునేది ఉండదనుకున్నాను. ఆమె దగ్గరున్న ఒక్కటీ తీసేసుకున్నాను.

అప్పుడు నాకు ఇంతకాలం ఎవరికీ చెప్పని ఇంకొక సంగతి గుర్తొచ్చింది. దాన్ని దాచలేదు, చెప్పుకోదగ్గదని అనుకోలేదంతే.

"బిడ్డా, ముంగటికి పొమ్మన్నది నేనే. అది నిజం. కని నేను జల్ది సచ్చిన గద. సచ్చినోనికి ఆటల పనుండదు. ఊకె కూసోవాలె. కోపంతోని కుర్చీ తిప్పి మీ డాడీ దిక్కు జూసిన. ఆయనకు మేమెవ్వలం యాదికి లేము. ఘాట్ రోడ్డు మీద బండి తిప్పినట్టు మనిషంతా ఇటు వంగుతుండు, అటు వంగుతుండు. సగం లేశి నిలవడ్డడు. ఒక్కసారి గూడ ఎనకకు తిరగలే. ఆ లేత్ పిల్లగాన్ని పడగొట్టినప్పుడైతే నోరు తెరిశి నవ్విండు. గట్టిగ. పొమ్మని నేనన్న గని, గట్ల ఆడుమని ఎవ్వలన్నరు? ఆ నవ్వు నాకోసం గాదు. ఎవ్వలకోసం గాదు."

ఆమె విస్తరి మడవడం ఆపింది.

"డాడీ నోరు తెరిశి నవ్వంగ నేనెప్పుడు చూడలే" అన్నది. "ఎట్ల నవ్విండు?"

చెప్పబోయాను. అది చెబితే తెలిసే నవ్వు కాదు. విస్తర్లు పట్టుకున్న బంధువులు, పాస్టర్ గారు, అందరూ దగ్గర్లోనే ఉన్నారు. గొంతు తగ్గించి, తల వెనక్కి వేసి, ఆయనలాగా మొదలుపెట్టాను. రెండు కుర్చీల అవతల ఎవరో తిరిగి చూసేసరికి సగంలో ఆపేశాను.

"మొత్తం నవ్వు, కాకా" అన్నది.

నవ్వాను.